ముక్కు బాబాయి, మూసిన అద్దాలు

ముందు వినిపించింది చప్పుడే. టక్, టక్, టక్. గట్టి ఇనుము మీద బోల్టు తగిలే చప్పుడు. అది ఒక వరసలో నడిచి వచ్చి, ఉన్నట్టుండి గొంతు మార్చుకునేది. టప్. నానిన అట్టముక్కను తట్టినట్టు. అక్కడ ఆగేది. కాసేపు గోడ అవతల ఏమీ ఉండేది కాదు. తర్వాత ఒక మగగొంతు, జ్వరంతో పడుకున్న పిల్లను లేపుతున్నంత మెత్తగా, "ఇక్కడ పాడైపోయావా తల్లీ" అనేది.

నా గది వెనక గోడా ఆయన షెడ్డు గోడా ఒక్కటే. ఆ ఇంట్లో దిగిన కొత్తలో అవతల ఎవరో వైద్యుడు ఉంటాడనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక చుట్టూ తిరిగి వెళ్లి చూస్తే, పాత కారు కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి. మడమల పగుళ్లలో నల్లటి గ్రీజు ఇంకిపోయి, ఎండిన వాగుల పటంలా ఉంది. పక్కనే స్టూలు మీద ఒకావిడ కూర్చుని రబ్బరు పైపులు తుడుస్తోంది.

"ఎవరో వచ్చారు, బయటికి రా" అంది ఆవిడ, పాదాలతో.

"కారుందా?" అని కింద నుంచి గొంతు.

"లేదు."

"అయితే కూర్చోమను. టీ ఇవ్వు."

అలా పరిచయమయ్యారు ముక్కు బాబాయి, పిన్ని. వీధిలో అందరికీ వాళ్లు బాబాయీ పిన్నీ. ఆయన ముక్కు పెద్దదీ కాదు, వంకరదీ కాదు. చూడ్డానికి ఎవరి ముఖం మీదైనా ఇమిడిపోయే ముక్కు. ఆ పేరు వచ్చింది ఆయన పనిలోంచి.

ఆయన పని పాత కార్లకు ఏసీ పెట్టడం. తాతలు కొని, తండ్రులు నడిపి, కొడుకులు గుడ్డ కప్పి దాచుకున్న కార్లు ఆయన దగ్గరికి వచ్చేవి. వాటిని చేసిన వాళ్లు చల్లగాలికి చోటు ఉంచలేదు. ఆ చోటు ఆయన చెయ్యాలి. ఇంజను పక్కన కంప్రెసరును నిలబెట్టే ఇనుప పట్టీని తనే కోసి తనే వంచేవాడు. డాష్‌బోర్డు కింద, మోకాళ్లకు తగలకుండా, కూలింగు పెట్టె బిగించేవాడు. దానికి పైపులు వెళ్లాలంటే ఇంజనుకూ మనుషులకూ మధ్య ఉన్న ఇనుప గోడకు కన్నం పెట్టాలి. ఆ కన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆయన మాట్లాడేవాడు కాదు. పిన్ని రేడియో ఆపేసేది. నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టని ఇనుము మీద డ్రిల్లు దిగుతుంటే, వెండి రజను ఆయన ముంజేతి వెంట్రుకల మీద సన్నటి వెన్నెలలా రాలేది.

"పాత కారంటే జల్లెడ" అని ఒకసారి నాతో అన్నాడు. "నేలకి కన్నాలు, డిక్కీకి కన్నాలు, పొగగొట్టం అతుకుల్లో చీలికలు. ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదెందుకు? అద్దాలు దించుకుని తిరిగారు గనక. పొగ లోపలికొచ్చినా గాలి ఊడ్చేసింది. ఇప్పుడు మనమొచ్చి చల్లగాలి పెట్టి, అద్దాలు మూసుకోండి బాబూ అంటున్నాం. మూసిన రోజు నుంచి అది వేరే కారు."

ఆ సంగతి ఆయనకు పుస్తకంలో తెలిసింది కాదు. ఆయనకు పని నేర్పిన గురువు ఒక వేసవి మధ్యాహ్నం, అప్పుడే ఏసీ పెట్టిన కారులో, చల్లదనం ఎలా ఉందో చూద్దామని అద్దాలు ఎత్తి వెనక సీట్లో వాలాడు. ఇంజను నడుస్తూనే ఉంది. భోజనానికి పిలవడానికి వెళ్లింది బాబాయే. "ముఖం చూసి లేపబుద్ధి కాలేదు. బుగ్గలు ఎర్రగా, పెళ్లికొడుకులా ఉన్నాడు. కాసేపు పడుకోనిద్దామని తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను. ఆ ఎరుపు పొగ పెట్టిన ఎరుపని మనిషి పోయాకగాని తెలీలేదు" అన్నాడు. ఇది చెప్పేటప్పుడు ఆయన చేతిలో ఏ పనిముట్టు ఉంటే దాన్ని కింద పెట్టేవాడు.

అప్పటినుంచి ఆయన ఏ కారునూ ఊరికే అప్పగించలేదు. ముందు బోల్టుతో నేలంతా తట్టి, తుప్పు తిన్న చోటల్లా రేకు వేసి అతికేవాడు. ఆ తర్వాత అద్దాలన్నీ ఎత్తి, ఇంజను నడుస్తుండగా వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. పొగలో ఉండే విషానికి వాసన లేదని ఆయనకు తెలుసు. "కానీ అది ఒక్కతే రాదు. కాలిన పెట్రోలు వాసన దాని చెయ్యి పట్టుకుని వస్తుంది. దొంగ కనబడడు, వాడి చెప్పుల చప్పుడు వినబడుతుంది, అంతే." ఆ వాసన వెంట్రుకంత వచ్చినా ఆయన కళ్లు తెరిచేవాడు. కారు మళ్లీ జాకీ మీద పైకి లేచేది.

"పొగని పట్టే చిన్న మిషన్ దొరుకుతుంది కదా బాబాయ్, కొనుక్కోరాదూ?" అని ఎవరో అడిగితే నవ్వాడు.

"నా ముక్కుకి బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. అప్పుడప్పుడూ జలుబు చేస్తుంది, అంతే."

"జలుబు చేసిన రోజు షెడ్డు మూస్తాడు. ముక్కుకి సెలవట" అంది పిన్ని. "పెళ్లయిన కొత్తలో నేను అత్తరు రాసుకుంటే గొడవ పెట్టాడు. నా ముక్కు పాడుచేస్తున్నావని. ఇంకెవరికైనా మొగుడి ముక్కు మీద కోపం ఉంటుంది, నాకైతే మొగుడే ముక్కు."

ఆ వేసవికి ముందు మందులషాపాయన తన తండ్రి కారు తెచ్చాడు. బూడిదరంగు కారు. తలుపుల అద్దాలు చదునుగా కాక గిన్నె అంచులా వంపు తిరిగి ఉండేవి. ఆయన ఏసీ పెట్టించాలనుకున్నది తనకోసం కాదు, తల్లికోసం. ఆ ముసలావిడ ఒంటికి ఎండ పడేది కాదు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఇల్లంతా తిరిగేది. దూరపు ఊళ్లో ఉన్న చెల్లెల్ని చూడాలని రెండేళ్లుగా అడుగుతోంది. అంతదూరం ఆ వేడిలో కూర్చోలేదని కొడుకు వాయిదా వేస్తూ వచ్చాడు.

పని మధ్యలో బాబాయికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు కాల్చి వదిలింది. లేచాక మనిషి సగమయ్యాడు గాని, ముక్కు దిబ్బడ లేదు, కారడం లేదు. గాలి హాయిగా ఆడుతోంది. ముక్కు బాగుందీ లేనిదీ ఆయన ఎప్పుడూ దాంతోనే చూసుకునేవాడు, గాలి ఆడుతోందా లేదా అని. అందుకే ఆయనకు అనుమానం రాలేదు. కూర గడ్డిలా ఉందంటే, జ్వరం పడి లేచిన నోరు కదా అనుకుంది పిన్ని. ఉప్పు ఇంకాస్త వేసింది.

కారు అప్పగించిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఆయన మామూలుగానే అద్దాలు ఎత్తి వెనక సీట్లో కూర్చున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపే కూర్చున్నాడు. దిగాక నుదురు రుద్దుకున్నాడు. "జ్వరం ఇంకా పూర్తిగా వదల్లేదు" అన్నాడు. అప్పటికే ముసలావిడ కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడింది. సీట్లో కూర్చుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి, నీళ్ల కింద పెట్టినట్టు ఇటూ అటూ తిప్పి నవ్వింది.

"ఇంత చల్లగాలి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?"

"మీకోసమే దాచానమ్మా."

"నీ కడుపు చల్లగుండ" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే వాళ్లు బయల్దేరారు. ముందు మందులషాపాయనా భార్యా, వెనక సీట్లో ముసలావిడ ఒక్కతే. కూతురు పాపకు బడి ఉందని మేనత్త ఇంట్లో వదిలారు.

ఆ మధ్యాహ్నం నేనూ పిన్నీ బజారు నుంచి కలిసే వస్తున్నాం. షెడ్డు గుమ్మంలోకి రాగానే ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. వంటగ్యాసు వాసన గొంతుకు అడ్డం పడింది. షెడ్డు మూలన పొయ్యి మీద పాలు పొంగి మంటను ఆర్పేశాయి. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆ పొయ్యికి అడుగు దూరంలో బాబాయి ప్రశాంతంగా కూర్చుని, ఒక రాగి గొట్టం అతుకు పెట్టడానికి చేతిలో లైటరు తీసుకున్నాడు.

పిన్ని వేసిన కేకకు వీధిలో కుక్కలు లేచాయి. ఒక్క దూకులో వెళ్లి ఆయన చెయ్యి మీద కొట్టింది. లైటరు ఎగిరి డ్రమ్ము వెనక పడింది. నేను పొయ్యి కట్టేశాను.

"ఏమైందే? పిచ్చిగానీ పట్టిందా?" అన్నాడు ఆయన.

"నాకు కాదు, నీకు! కొంప తగలబడేది. వాసన రావట్లేదూ?"

"ఏం వాసన?"

పిన్ని ఆయన వైపు చూసింది. తర్వాత పెట్రోలు గుడ్డ తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. పీల్చాడు. పెయింటు డబ్బా మూత తీసి పెట్టింది. పీల్చాడు. తన కొంగు పెట్టింది. ప్రతిసారీ ఆయన బుద్ధిగా పీల్చి, పరీక్షలో జవాబు తెలియని పిల్లాడిలా మా ఇద్దరి ముఖాలూ చూశాడు. బయటి ఎండ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఆ కారు" అన్నాడు.

ఫోను తీసి మందులషాపాయనకు చేశాడు. అవతల ఒక ఆడగొంతు ఆ నంబరు అందుబాటులో లేదని మర్యాదగా చెప్పింది. మళ్లీ చేశాడు. అదే మర్యాద. దారిలో కొండలున్నాయి, సిగ్నల్ ఉండదు అని పిన్ని అంది. ఆయన కూర్చోలేదు. పాలు నేల మీద చల్లారి మీగడ కట్టాయి. పొద్దు వాలే వేళకు అవతల ఎత్తారు.

"అద్దాలు దించు బాబూ" అన్నాడు బాబాయి, ఇంకే మాటా లేకుండా. "ముందు అద్దాలు దించు."

"అమ్మ పోయింది బాబాయ్."

ఫోను గొంతు పెద్దది. నాకూ పిన్నికీ వినబడుతూనే ఉంది.

"నిద్రలోనే. ఇల్లొచ్చిందమ్మా దిగుదువు గాని అని తట్టి లేపితే లేవలేదు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. దారంతా ఎంత హాయిగా పడుకుందో బాబాయ్. ఎండాకాలంలో అమ్మ చెమట పట్టకుండా నిద్రపోవడం నేను పుట్టాక చూడలేదు. ముఖం చూడాలి నువ్వు. ఎంత కళగా ఉందో. బుగ్గలు ఎర్రగా, చిన్నపిల్లలా." కాసేపు ఏడుపు. "చల్లగా వెళ్లిపోయింది. అంతా నీ చలవే బాబాయ్."

బాబాయి ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు. "నీకు తలనొప్పిగా ఉందా బాబూ? మీ ఆవిడకి?"

"ఉండదా మరి? ఎండ, ఏడుపు. ఉంటాను బాబాయ్."

అద్దాలు దించుకుని రమ్మని ఆయన మళ్లీ చెప్పాడు. అప్పటికే అవతల ఎవరూ లేరు.

వాళ్లు తిరిగొచ్చి, వచ్చేపోయే చుట్టాలు తగ్గాక, బాబాయి వాళ్లింటికి వెళ్లాడు. "ఆయన్ని ఒక్కణ్ణే పంపలేను, తోడు వెళ్లు" అని పిన్ని నన్ను పంపింది. అంతకుముందు రెండు రోజులు ఆవిడ ఆయనతో వాదించింది. గుండె కూడా అయ్యుండొచ్చు కదా, ఎనభై ఏళ్ల మనిషి, డాక్టరే చెప్పాక నీకెందుకు, ముక్కు లేదని ఊరంతా చాటుకుంటే రేపు నీ దగ్గరికి ఎవరొస్తారు అని. ఆయన అన్నింటికీ తలూపాడు. "అయ్యుండొచ్చు. కానీ కారింకా నడుస్తోంది కదే" అన్నాడు.

మందులషాపాయన ముందుగదిలో కూర్చోబెట్టాడు. గోడకు ముసలావిడ ఫొటో కొత్తగా ఎక్కింది.

"కారు ఒక్క పూట నాకివ్వు బాబూ."

"దేనికి? బ్రహ్మాండంగా ఉంది."

"వెనక సీటు వైపు కింద ఎక్కడో కన్నం ఉండిపోయింది. పొగ లోపలికొస్తోంది. జ్వరమొచ్చాక నా ముక్కు పోయింది, నాకే తెలీలేదు. ఆ రోజు నేను చూసింది చూసినట్టు కాదు. తప్పు నాది. తిడితే తిట్టు, కొడితే కొట్టు. కారు మాత్రం ఇవ్వు. ఎక్కడుందో పట్టుకుని మూసేస్తాను."

మందులషాపాయన లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ గుండె ఆగి పోయింది. డాక్టరు చెప్పాడు. నువ్వు డాక్టరువా?"

"కాదు బాబూ."

"పొద్దున్నుంచి రాత్రి దాకా మందుల మధ్య బతికేవాణ్ణి నేను. ఎర్రటి ముఖమంటే ఏంటో నాకు తెలీదా? నువ్వు చెబితే తెలియాలా?" ఆయన గొంతు గది దాటింది. లోపలి నుంచి భార్య గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవిణ్ణి చూసి ఆయన గొంతు తగ్గించాడు. అలా తగ్గించాక వచ్చిన మాటలే వినడం కష్టమైంది. "సగం దారిలో అమ్మ అంది బాబాయ్. కాస్త అద్దం దించరా, కడుపులో తిప్పుతోంది అని. చల్లగాలి పోతుందమ్మా, పడుకో అన్నాను. నేనే అన్నాను." కాసేపు ఫొటో కేసి చూశాడు. "మా అమ్మ గుండె ఆగి పోయింది. ఇంకోసారి ఆ మాట నా ఇంట్లో అనకు."

ఆ రోజు నుంచి ఆ కారు మా వీధిలోంచి వెళ్లేటప్పుడల్లా అద్దాలు మెడ దాకా బొత్తాం పెట్టుకున్న చొక్కాలా బిగించి ఉండేవి. వెనక సీట్లో బడిసంచీతో పాప ఉండేది. బాబాయి షెడ్డు గుమ్మంలో నిలబడి, ఆపమని చెయ్యి ఊపేవాడు. కారు ఆగేది కాదు. కారు ఇస్తే ఒప్పుకున్నట్టు. అద్దం దించితే ఒప్పుకున్నట్టు. తల్లిని చంపుకున్నానని ఒప్పుకోవడం కంటే, అద్దాలు ఎత్తుకుని తిరగడమే ఆ మనిషికి తేలికైంది. అద్దాలు ఎత్తిన ఆ కారులో తను బతికి తిరుగుతున్నంతకాలం అందులో విషమేమీ లేనట్టే.

పాప బడి దగ్గరే గనక, ఆ కాసేపటికి ఏమీ కాదని బాబాయి తనకు తాను చెప్పుకునేవాడు. ఒకరోజు మందులషాపాయన భార్య షెడ్డుకు నడిచి వచ్చింది. స్టూలు వేసినా కూర్చోలేదు.

"కారెక్కితే చాలు పాపకి తలనొప్పంటోంది బాబాయ్. నిన్న దిగగానే వాంతి చేసుకుంది. కారు పడదేమో దానికి అంటాడాయన. ఇంతకుముందు పడేది కదా."

బాబాయి చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"సెలవులిచ్చారు. పాప వాళ్ల చిన్ననానమ్మని చూసొద్దాం, అమ్మ పోయాక ఆవిడ ఒంటరిదైపోయింది అంటున్నాడు. రేపు పొద్దున్నే ప్రయాణం."

"అదే దారా?"

"అదే దారి."

"నువ్వూ పాపా బస్సులో వెళ్లండమ్మా."

"అన్నాను. అయితే నువ్వు కూడా మా అమ్మని నేనే చంపానంటావా అని అడిగాడు. ఆ ముఖం చూసి మళ్లీ అనలేకపోయాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అద్దం దించుతాను, ఎత్తేస్తాడు. దించుతాను, ఎత్తేస్తాడు. మనిషి పోతాడేమోనని భయంగా ఉంది బాబాయ్. ఎవరు పోతారో తెలీడం లేదు."

ఆవిడ వెళ్లాక ముందు పిన్నే నోరు తెరిచింది.

"పొగగొట్టంలో గుడ్డ కుక్కెయ్."

"తీసేస్తాడు."

"టైర్లు కొయ్."

"మారుస్తాడు."

"నువ్వు పెట్టిన పైపే కొయ్. ఏసీ ఆగిపోతే ఈ ఎండకి ఎవడైనా అద్దాలు దించాల్సిందే."

"ఊళ్లో ఇంకా ఇద్దరున్నారు ఏసీ వాళ్లు. సాయంత్రానికల్లా పైపు మార్చి గ్యాసు ఎక్కించి పంపుతారు. వాళ్లు పైపు చూస్తారు గాని నేల చూడరు." ఆయన లేచి నిలబడ్డాడు. "కింద దూరి కన్నం మూద్దామంటే, అది ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? కారు పైకెత్తాలి, లోపల తివాచీ లేపాలి. రోడ్డు మీద అయ్యే పని కాదు."

తర్వాత ఆయన మాట్లాడింది మాతో కాదు. అలవాటుగా, విడిభాగాల గురించి తనలో తను గొణుక్కున్నాడు. ఆ మోడలు తలుపు అద్దం ఒకప్పుడు ఇంకెవరికో కావలసివస్తే తను తిరగని తుక్కుకొట్టు లేదని, అయినా దొరకలేదని. చేసేవాళ్లు చెయ్యడం మానేసి ఎన్నాళ్లో అయిందని. వంపు అద్దం గనక, చదును అద్దం కోసి పెడితే తలుపులోకి దిగదని.

చక్రాలు విప్పే పొడుగు స్పానరు తీసుకుని బయల్దేరాడు. పిన్ని ఆపలేదు. "చెప్పులేసుకో, గాజు ముక్కలు" అంది.

మందులషాపు ముందు, నడిబజారులో, బూడిదరంగు కారు ఎండలో నిలబడి ఉంది. ఆయన నలుగురు చూస్తుండగానే దాని దగ్గరికి వెళ్లాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని, లోపల ఎవరూ లేరని వంగి చూసుకున్నాడు. మొదటి దెబ్బ పాప కూర్చునే వైపు తలుపు మీద పడింది. అద్దం ఒక్క క్షణం తెల్లగా మంచులా గడ్డకట్టి, ఆ వెంటనే పటికబెల్లం పలుకుల్లా సీటు మీదికి జారింది. ఆయన వెనకనుంచి తిరిగి రెండోవైపు వెళ్లాడు. మళ్లీ ముందుకు వచ్చాడు. తన చేతి కింద పగిలిన ప్రతి అద్దాన్నీ అంతకుముందు మెత్తటి గుడ్డతో తుడిచి అప్పగించింది ఆయనే.

మూడోది పగిలేసరికి జనం మూగారు.

"ఏయ్, తాగొచ్చావా?"

"ముక్కు బాబాయిరా! ఈయనకేం రోగం?"

"పట్టుకోండి, పట్టుకోండి."

ఎవరో చొక్కా పట్టి లాగితే బొత్తాలు తెగాయి. ఎవరో చెంప మీద కొట్టారు. "ఒక్కటే మిగిలింది, ఆగండి బాబూ" అని ఆయన బతిమాలుతున్నాడు, పని మధ్యలో లేపినవాళ్లతో అన్నట్టు. నేను అడ్డుపడబోతే నన్నూ తోసేశారు.

మందులషాపాయన చేతిలో మాత్రల అట్టతో బయటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన కారును చూశాడు. సీటు నిండా గాజు పలుకులు ఎండకు వెలుగుతున్నాయి.

"ఎందుకు బాబాయ్?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

"పాపకి తలనొప్పట బాబూ."

పక్క కొట్టు వాడు పోలీసులకు ఫోను చేస్తానన్నాడు. మందులషాపాయన తల అడ్డంగా ఊపాడు. "వదలండి. నేనే పగలగొట్టమన్నాను" అన్నాడు. ఎవరూ నమ్మలేదు, కాని ఆయన ముఖం చూసి చేతులు వదిలారు. ఆయన లోపలికి వెళ్లి షాపు షట్టరు దించేసుకున్నాడు. మందులు కొనడానికి వచ్చినవాళ్లు ఆ రోజు తిరిగి వెళ్లిపోయారు.

ప్రయాణం ఆగింది. నాలుగో అద్దం ఎవరు దించారో తెలియదు గాని, మళ్లీ పైకి లేవడం చూసినవాళ్లు లేరు. మందులషాపాయన బాబాయితో మళ్లీ మాట్లాడలేదు. ఎదురుపడితే వీధి దాటి వెళ్లేవాడు. కారును మాత్రం అలాగే నడిపాడు. అమ్మలేదు, బాగు చేయించలేదు.

షెడ్డుకు కార్లు రావడం తగ్గిపోయింది. నడిబజారులో అద్దాలు పగలగొట్టిన మనిషికి తండ్రి కారు ఎవరు అప్పగిస్తారు? అయినా వచ్చిన ఒకరిద్దరికి బాబాయి ముందే చెప్పేవాడు, నా ముక్కు పోయింది, ఆలోచించుకోండి అని. పిన్ని పట్టుబట్టి పొగ పట్టే మిషన్ తెప్పించింది. ఒక కారు పూర్తిచేసి, దాన్ని వెనక సీట్లో పెట్టి, పక్కన ఆయన కూర్చున్నాడు. మిషన్ మీద పచ్చ దీపం నిలకడగా వెలిగింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పొద్దుపోయినా దిగలేదు. "పచ్చగానే ఉందిగా, దిగు" అంది పిన్ని. "అది చెబుతోంది. నాకు తెలియట్లేదు కదే" అన్నాడు. ఆ కారును చల్లగాలి లేకుండానే, పెట్టినవన్నీ విప్పేసి, ఇనుప గోడ కన్నానికి రేకు వేసి అతికి, వెనక్కి పంపేశాడు. ఆ తర్వాత ఇంకో కారు ముట్టలేదు. గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. కొన్నాళ్లు నేను దానికోసం నిద్ర మధ్యలో కూడా చెవి పెట్టేవాడిని.

వానలు మొదలయ్యాక వాళ్లు ఊరు వదిలారు. పిన్ని తమ్ముడు ఉండే ఊళ్లో బళ్లు నిలిపే స్థలానికి కాపలా పని దొరికింది. సామాను చిన్న వ్యానులో సరిపోయింది. పనిముట్ల పెట్టెను తుక్కువాడికి ఇచ్చేశాడు. పిన్ని లోపల చివరిసారి ఊడుస్తోంది. పోయేవాళ్లం మనకెందుకు ఊడ్చడం అని ఆయన అంటే, వచ్చేవాళ్లు తిట్టుకోకుండా అని ఆవిడ అంది.

ఆయన వ్యాను మెట్టు మీద కూర్చుని చినుకుల కేసి చూస్తున్నాడు. జ్వరం దగ్గర ఎక్కడో ఆగిపోయిన మనిషిలా, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నేను ముందురోజు చూసింది చెప్పాను. పెద్ద వానలో మందులషాపాయన కారు మా వీధిలోంచి వెళ్లిందని. కిటికీలన్నీ బావురుమంటున్నాయని. వెనక సీట్లో పాప బడిసంచీని కడుపుకు హత్తుకుని, నిలువునా తడిసి వణుకుతోందని. ఆ మనిషి కనీసం ఒక ప్లాస్టిక్ పట్టా అయినా కట్టించకూడదా అని.

ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"పట్టా కట్టలేదా? ఏ కిటికీకీ?"

"లేదు బాబాయ్. దేనికీ లేదు. పిల్ల ముద్దయిపోయింది."

లోపలి నుంచి పిన్ని చీపురు మూలన పెట్టి వచ్చింది. ఆవిణ్ణి ముందు ఎక్కించి, ఆయన వెనక సామాను మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. వ్యాను కదలబోతుంటే, చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"తడవనీ. తడిసిన పిల్ల ఆరుతుంది."